పదహారు పేర్లే రాయాలట

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా పిల్లల ఫుట్‌బాల్ జట్టు మూడేళ్లపాటు ఒక ఆటో మీద నడిచింది. ఆదివారం తెల్లవారి ఆరింటికల్లా ఆ ఆటో గ్రౌండు అంచున ఆగేది. వెనక సీటులో వలలు, గోనెసంచిలో బంతులు, నీళ్ల క్యాను, వాటి మధ్య ఒదిగి కూర్చున్న పదకొండేళ్ల పిల్లవాడు. వాడు మా లెఫ్ట్ బ్యాకు, అంటే ఎడమవైపు కాపు కాసేవాడు. దాచకుండా చెప్పాలంటే వాడి ఆట అంతంతమాత్రం. బంతి మీదికి వస్తుంటే కళ్లు మూసుకునేవాడు. వాళ్ల నాన్న మాత్రం ఏనాడూ కిరాయి అడగలేదు. పెట్రోలుకని డబ్బు ఇవ్వబోతే "ఎవరి పిల్లలు మాస్టారూ, మన పిల్లలే కదా" అని చేయి వెనక్కి తీసుకునేవాడు.

ఒకసారి కాశీనగరంలో ఫైనల్ ఆడాం. వాడి అమ్మమ్మది ఆ ఊరే. మనవడి ఆట చూడటానికి ఆమె ఇరుగుపొరుగు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుంది. ఆట ఒకటి ఒకటి మీద నడుస్తోంది. నేను వాణ్ని దింపలేదు. చివరి అయిదు నిమిషాలైనా దింపుదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మావాళ్లు రెండో గోలు కొట్టారు. దాన్ని కాపాడుకోవాలన్న ఆత్రంలో వాడి సంగతే మరిచిపోయాను. గెలిచాం. ఆ రోజు ఫొటోలో వాడు కప్పు పక్కనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. జెర్సీ మీద మట్టి మరక ఒక్కటీ లేదు.

తరువాతి ఆదివారం ఆటో రాలేదు. ఫోను చేస్తే "బండికి రిపేరు వచ్చింది మాస్టారూ" అన్నాడు. ఆ పై వారమూ రిపేరే. సోమవారం నుంచి శనివారం దాకా ఆ బండి మా కొట్టు ముందునుంచే తిరిగేది; నన్ను చూసి హారను కూడా కొట్టేవాడు. మా వైపు మనసు విరిగితే ఎవరూ పోట్లాటకు రారు. బండికి రిపేరు వస్తుంది, అంతే.

నేను కోచ్‌ను కాను. నాది జిరాక్స్ కొట్టు. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు బ్యాకుగా ఆడాను, ఆ మమకారం వదల్లేదు. పిల్లలు, వాళ్ల పెద్దలు 'మాస్టారూ' అనడం వాళ్ల మర్యాద. అసలు మాస్టారు మా జట్టుకు వేరే ఉన్నారు: పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు ఒకాయన. ఆట నేర్పేది ఆయన. జాబితాలు, ఫీజులు, ఫారాలు, అమ్మానాన్నలతో మాటలు నా వంతు. జెర్సీలు ఉతికేది మా ఆవిడ, ఆవిడతో పాటు వంతులవారీగా మరో ముగ్గురు తల్లులు. ఈ వ్యాసంలో నేను ఆట గురించి మాట్లాడటం తక్కువ. ఆ వంతుల గురించి, ఆ ఆటో గురించి మాట్లాడతాను. పిల్లల ఫుట్‌బాల్‌కు నియమాలు రాసేవాళ్లు మైదానాన్నీ గడియారాన్నీ చూసి రాస్తారు. వాళ్లు రాసిన ప్రతి వాక్యం చివరికి ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక తల్లి మొహం మీద తేలుతుంది. ఆ మొహం చూడవలసింది నాబోటి వాడు.

ఆటో ఆగిపోయాక నేను చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 1964లో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని టోరన్స్ అనే ఊళ్లో, తొమ్మిది జట్లతో ఒక సంస్థ పుట్టింది. అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ దాని పేరు. అక్కడ ఫుట్‌బాల్‌ను సాకర్ అంటారు. వాళ్ల మొదటి సూత్రం 'అందరూ ఆడతారు'. జట్టులో పేరున్న ప్రతి పిల్ల, ప్రతి ఆటలో, కనీసం సగం సేపు మైదానంలో ఉండాలి. ఇంకో సూత్రం జట్ల బలం సమంగా ఉండాలని: గట్టి ఆటగాళ్లంతా ఒకే జట్టులో పోగుపడకుండా పిల్లలను సర్ది పంచుతారు. మొదట చదివినప్పుడు ఇదేదో దయ గల దొరల వ్యవహారం అనుకున్నాను. తరువాత అసలు కిటుకు కనిపించింది. అక్కడ శిక్షకుడు ఎవరో ఒకరి నాన్న. ఈల వేసేది ఎవరో ఒకరి అమ్మ. గీతలు గీసేది, నారింజ తొనలు పంచేది ఇరుగుపొరుగే. జీతం లేని మనుషుల మీద నడిచే సంస్థ ఆ మనుషుల పిల్లలను బెంచీ మీద కూర్చోబెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? సగం ఆట నియమం వాళ్ల దృష్టిలో దయ కాదు, ఒప్పందం. నీ ఆదివారం మాకిచ్చావు, నీ బిడ్డకు ఆట ఇస్తాం.

మాదీ అలాంటి సంస్థే, పేరు లేదు అంతే. అందుకని మేమూ రాసుకున్నాం, నోటుబుక్కు మొదటి పేజీలో: పదమూడేళ్ల లోపు పిల్లలైతే, సాధనకు వచ్చినవాళ్లందరికీ సగం ఆట.

డ్రిల్లు మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. "వారానికి మూడు రోజులు చెమటోడ్చినవాడికి, చెట్టు కింద కబుర్లు చెప్పినవాడికి ఒకే వాటానా? అప్పుడు చెమటోడ్చినవాడికి నువ్వేం చెబుతావు?" అన్నారు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. అందుకే 'సాధనకు వచ్చినవాళ్లు' అన్న మాట ఆ వాక్యంలో చేరింది. అది ఆయన చేర్పించిందే. పదమూడు దాటాక లెక్క మారాలన్నదీ ఆయన మాటే, దానికీ ఒప్పుకున్నాను. పదహారేళ్లవాడికి పోటీ అంటే ఏమిటో తెలియాలి, తన చోటు తాను సంపాదించుకోవాలి. పదేళ్లవాడి సంగతి వేరు. వాడికి ముందు ఆట మీద ఆశ పుట్టాలి. ఆడకుండా ఆశ ఎక్కడినుంచి పుడుతుంది?

ఆయన రహీం సాబ్ భక్తుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన చలవే. ఏ మాటకైనా మా మాస్టారు "రహీం సాబ్ అయితే ఏం చేసేవాడు" అని మొదలుపెడతారు. నేను ఆయన ఆయుధాన్నే తీసుకున్నాను. రహీం సాబ్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టించేవాడు, డ్రిబ్లింగు లేకుండా, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోకుండా ఆడే పోటీలు పెట్టించేవాడు. ఎందుకు? కుడికాలివాడికి కుడికాలు వాడవద్దంటే ఎడమకాలు తెలివి తెచ్చుకుంటుందని. నియమం ఊరికే కంచె కాదు, అదీ ఒక పాఠమే. అందరినీ ఆడించాలన్న నియమం పెడితే ఆ బలహీనమైన పిల్లలకు ఆట నేర్పక తప్పని పరిస్థితి మనకే వస్తుంది కదా మాస్టారూ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ లెఫ్ట్ బ్యాకుకు కళ్లు తెరవడం నేర్పాలి ముందు" అన్నారు. ఒప్పుకున్నట్టే లెక్క.

మొదటి ఏడాది మాకు ఒక్క కప్పూ రాలేదు. గోళ్లు కొరుక్కునే ఆటలు చేజేతులా పోయాయి. మా అందరిలోకీ గట్టి ఫార్వర్డు పిల్లవాడి తండ్రి ఒకరోజు కొట్టుకు వచ్చి, ఏదో జిరాక్స్ తీయించుకుని, చిల్లర తీసుకుంటూ, "మావాడికి ఇక్కడ ఎదుగుదల కనిపించడం లేదండీ" అని కొడుకును వేరే జట్టుకు మార్చేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ప్రతి నియమానికీ ఒక ఇంటి నిష్టూరం తప్పదు. ఎవరి నిష్టూరం భరించగలమో తేల్చుకోవడమే మన పని. ఒక్క ఇంటి వాళ్లు వెళ్లారు. తొమ్మిది ఇళ్ల వాళ్లు కొత్తగా వచ్చారు, ఎక్కువమంది అన్నల వెనక వచ్చిన తమ్ముళ్లు, తమ్ముళ్ల వెనక వచ్చిన చెల్లెళ్లు.

ఆటలు మరీ ఘోరంగా పోకుండా నిలబెట్టింది ఇంకో మార్పు. మా దగ్గర పదేళ్ల పిల్లలను కూడా పెద్దవాళ్ల మైదానంలో, పదకొండు మంది చొప్పున ఆడిస్తారు. పెద్దల గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పదేళ్ల గోల్‌కీపరు దాని కింద నిలబడితే గుడి గోపురం కింద నిలబడ్డట్టు ఉంటాడు. తలపైనుంచి ఎవరు ఎత్తి కొట్టినా గోలే, దానికి ఆట రానక్కరలేదు, కాలి బలం చాలు. ఇంగ్లండులో 2012లో ఈ సంగతి మీద ఓటు వేసి మార్చారు: ఏడెనిమిదేళ్ల లోపు అయిదుగురు చొప్పున, పదేళ్ల లోపు ఏడుగురు, పన్నెండేళ్ల లోపు తొమ్మిదిమంది, ఆ తరువాతే పదకొండు. మేము మైదానాన్ని అడ్డంగా రెండు చేశాం. ఇటుకలు పేర్చి గోల్ పోస్టులు పెట్టాం. ఏడుగురు చొప్పున రెండు ఆటలు ఒకేసారి జరిగితే ఇరవై ఎనిమిది మంది బంతి వెనక పరుగెడతారు. పదకొండు చొప్పున ఒకే ఆటలో ఇరవై రెండే. పైగా పెద్ద ఆటలో ఆ ఇరవై రెండు మందిలో సగం మంది బంతిని దూరంనుంచి చూసి ఆనందించేవాళ్లే. ఫుట్‌బాల్ చట్టాలు రాసే అంతర్జాతీయ మండలి కూడా పిల్లల ఆటలో ఒకసారి బయటికి వచ్చినవాణ్ని మళ్లీ లోపలికి పంపుకోవచ్చని, జాతీయ సంఘం అనుమతిస్తే చాలని ఏనాడో రాసింది. మా చుట్టుపక్కల టోర్నమెంట్ల నిర్వాహకుల్లో చాలామంది దాన్ని ఇప్పటికీ ఒప్పుకోరు. "బయటికి వచ్చినవాడు బయటే" అంటారు, అదేదో దేవుడి ఆజ్ఞ అయినట్టు.

ఇంతవరకూ చెప్పింది మన చేతిలో ఉన్న నియమాల సంగతి. మన చేతిలో లేనివి నా కొట్టుకు కాగితాల రూపంలో వస్తాయి.

మా ఊళ్లో ఒక పిల్లవాడు టోర్నమెంటుకు పేరు ఇస్తే మొదట తిరగవలసింది నా జిరాక్స్ యంత్రం చుట్టూ. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి నుంచి ఒక కాగితం, నాలుగు ఫొటోలు. మూడు కాగితాల్లో మూడు పుట్టినరోజులు ఉండటం మామూలు. నా సంగతే చూడండి. రికార్డుల ప్రకారం నేను జూన్‌లో పుట్టాను. మా అమ్మ లెక్క ప్రకారం దీపావళి రెండో నాడు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వయసు సరిపోయేలా ఒక తేదీ వేశారు. మా తరగతిలో సగం మందిమి జూన్‌లోనే పుట్టాం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. జనవరి 1ని గీతగా పెట్టి, ఆ రోజు తరువాత పుట్టినవాళ్లే ఈ విభాగంలో ఆడాలని చెప్పే ఆటలో ఆ జూన్ ప్రాణం తీస్తుంది. బడిలో తొందరగా చేర్చాలని ఏడాది పెంచి రాయించిన పిల్లవాడు తనకంటే నిజంగా పెద్దవాళ్లతో ఆడి దెబ్బలు తింటాడు. ఉద్యోగానికి పనికొస్తుందని ఏడాది తగ్గించి రాయించిన పిల్లవాడు చిన్నవాళ్ల మీద వీరుడవుతాడు.

ఇక పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, ఒడియా వారికి చివర. ఫారంలో గడులు వాళ్ల వరుసలో ఉంటాయి, మనవాళ్లు మన వరుసలో నింపుతారు. తనిఖీ బల్ల దగ్గర ఇంటిపేరు పెట్టి కేక వేస్తే ఏ పిల్లవాడూ పలకడు, లేదా ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు ముగ్గురూ ఒకేసారి పలుకుతారు. రెండూ అనుమానానికే దారి తీస్తాయి. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితం ధారపోసింది ఈ ఊళ్లోనే. ఆ ఊరి పిల్లవాడికి తన పేరు ఏ భాషలో ఏ వరుసలో రాయాలో ఇంకా తేలలేదు.

కొండ ఊళ్ల పిల్లలది ఇంకా కష్టం. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 చట్టం చెబుతుంది. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తరువాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. చట్టం మంచిదే. ఇంట్లో కాన్పు అయి, నమోదు మరిచిపోయి, పన్నెండేళ్ల తరువాత కొడుకు బంతి ఆట కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుని కార్యాలయం మెట్లు ఎక్కిన తండ్రికి మాత్రం ఆ మంచితనం కనిపించదు. అలాంటి ఒకాయన నా కొట్టులో బెంచీ మీద కూర్చుని అడిగాడు: "బాబూ, వీడు బాగా ఆడతాడని మీరే అన్నారు కదా. మరి ఈ కాగితం దేనికి?" వయసు మోసం జరుగుతుందని చెప్పాను. "మేము మోసం చేశామంటారా?" అన్నాడు. అనలేదు. ఆయనకు మాత్రం అలాగే వినిపించింది.

వయసు మోసం లేదని నేను అనడం లేదు. మీసాలు గీసుకుని వచ్చిన పద్నాలుగేళ్ల లోపు వీరులను నా కళ్లతో చూశాను. దాన్ని అరికట్టడానికి కేంద్ర క్రీడా శాఖ 2010లో ఒక నియమావళి తెచ్చింది. ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి, ఎముకలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి వయసు అంచనా కట్టే పద్ధతి మన దేశంలో బాగా వాడుకలో ఉంది. ఫిఫా 2009 నుంచి పదిహేడేళ్ల లోపు ప్రపంచ కప్‌లో ఎమ్మారై వాడుతోంది. ఈ పరీక్షలు చెప్పేది ఎముక వయసు. అది పుట్టిన తేదీ కంటే ఏడాది ముందుండటం, ఏడాది వెనకుండటం ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ మామూలే. తొందరగా ఎదిగే పిల్లవాడు ఏ పాపమూ ఎరగకుండానే గీత దాటేస్తాడు. మావాడొకడు ఒక ఎంపిక శిబిరం నుంచి అలాగే తిరిగి వచ్చాడు. వాడి ధ్రువపత్రం ఆసుపత్రిలో పుట్టిన రోజునే రాసినది, నేనే జిరాక్స్ తీశాను. ఎవరూ అపీలు సంగతి చెప్పలేదు, ఎక్స్‌రే చూపించలేదు. వాడు వస్తే వాడి సంచీ వాడికిచ్చి పంపేశారు. వీధిలో మాత్రం 'వయసు దొంగ' అన్న పేరు మిగిలింది. వాళ్ల అమ్మ ఆ రోజు నుంచి గ్రౌండు వైపు చూడలేదు. పరీక్ష ఉండనివ్వండి. ఫలితాన్ని ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఇది మోసమన్న తీర్పు కాదు, ఈ విభాగానికి సరిపోడన్న మాట మాత్రమే అని వివరించే ఒక్క మనిషి ఉంటే ఆ తల్లి మాకు మిగిలేది. దానికి ఎంత ఖర్చవుతుంది?

సరిహద్దు సంగతి చెబితే బయటివాళ్లు నవ్వుతారు. మహేంద్రతనయ మీద వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల మేము, ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఈ గీత పడింది. సంబంధాలు, సంతలు, నీలమణి దుర్గమ్మ మొక్కులు ఆ గీతను ఎన్నడూ లెక్కచేయలేదు. పిల్లలు పొద్దున్నే వంతెన దాటి అటు తెలుగు బడికో ఇంగ్లీషు బడికో వెళ్లి సాయంత్రం ఇటు వచ్చి ఆడతారు. బడుల పోటీల్లో బడి ఎక్కడ ఉంటే ఆ రాష్ట్రం. మావాడొకడు అటు ఎంపికకు వెళితే ఆధార్‌లో చిరునామా ఒడిశాది, నువ్వు స్థానికుడివి కావన్నారు. ఇటు వస్తే ఇక్కడి బడి కాగితం ఏదన్నారు. రెంటికి చెడ్డ రేవడి. వాడు రెండు భాషల్లో గోలు అని అరవగలడు, ఒక్క రాష్ట్రానికీ ఆడలేడు. ఎవరిమీదా ఫిర్యాదుగా రాయడం లేదు. ఎవరి నియమం వాళ్లు చదివి వినిపించారు, రెండు నియమాలూ ఎవరికి వారికి సబబే. రెండిటి మధ్య పడిన పిల్లవాడి గురించి రెండింటిలోనూ ఒక్క వాక్యం లేదు. పరీక్షలదీ ఇదే వరస. అటు సెలవులు, ఇటు పరీక్షలు. ఇటు సెలవులు, అటు పరీక్షలు. ఎండలు ముదిరే ఆ రెండు నెలలూ మా జట్టు సగం జట్టే.

ఇలాంటి గీతల గురించి పెద్ద దేశాలకే మతిపోయింది. అమెరికాలో సాకర్ సమాఖ్య 2015లో ఒక నిర్ణయం ప్రకటించింది: జట్లను ఇక జనవరి నుంచి డిసెంబరు దాకా, పుట్టిన సంవత్సరం ప్రకారమే కట్టాలి. 2017 నాటికి తప్పనిసరి చేశారు. అంతర్జాతీయ పద్ధతి అదే, వినడానికి సబబుగానే ఉంది. అక్కడి బడి సంవత్సరం మాత్రం ఎండకాలం చివర మొదలవుతుంది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే పిల్లలు గ్రౌండులో రెండు జట్లుగా విడిపోయారు. జట్టులో సగం మంది పెద్ద బడికి వెళ్లిపోయి ఆ బడి తరఫున ఆడుతుంటే, మిగతా సగం మందికి ఆ నెలల్లో ఆడటానికి జట్టే లేకుండా పోయింది. స్నేహితుడి కోసం ఆడేవాడు స్నేహితుడు లేకపోతే ఎందుకు వస్తాడు? చివరికి 2024లో ఆ నిర్బంధం సడలించారు. అక్కడి పెద్ద సంస్థలు 2026-27 సీజను నుంచి ఆగస్టు 1 నుంచి జూలై 31 వరకు అన్న లెక్కకు మారుతున్నాయి. ఇంచుమించు పదేళ్లు పట్టింది వెనక్కి రావడానికి. గీత ఎక్కడ గీసినా దానికి కాస్త ఇవతల పుట్టినవాడు గట్టివాడిగా, అవతల పుట్టినవాడు అర్భకుడిగా కనిపిస్తారు. కెనడాలో 1980లలోనే ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు లెక్కపెట్టి సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్లే కుప్పలుగా ఉన్నారని తేల్చారు. ఆ పక్షపాతాన్ని ఏ గీతా పోగొట్టదు. స్నేహితులను విడదీయని గీత గీయడం మాత్రం మన చేతిలోనే ఉంది. మా గ్రౌండులో నేను తరగతి అడుగుతాను, తేదీ అడగను. తేదీ టోర్నమెంటు వాళ్లకు.

నార్వే సంగతి ఒక్క ముక్కలో. పిల్లల ఆటలకు అక్కడ 1987 నుంచే జాతీయ నిబంధనలున్నాయి. పదకొండేళ్ల లోపు పిల్లల ఆటల్లో పాయింట్ల పట్టికలు ఉండకూడదు, పదమూడుకు ముందు జాతీయ విజేత అన్న మాటే లేదు. ఈ సంగతి చెప్పగానే నార్వే పేరుమోసిన ఆటగాడు ఎర్లింగ్ హాలాండ్‌ను చూపించి "అందుకే హాలాండ్ లాంటివాడు వచ్చాడు" అనేస్తారు. ఆ వాదం నాకు రుచించదు. హాలాండ్ రాకపోయినా ఆ నిబంధన మంచిదే.

అమ్మాయిల గురించి రాయకపోతే మా ఆవిడ ఈ వ్యాసాన్ని గడప దాటనివ్వదు. 2022 అక్టోబరు 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో, పదిహేడేళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ కప్‌లో, మనవాళ్లు అమెరికా చేతిలో 0-8తో ఓడారు. మా కొట్టులో ఒకే ఫోను చుట్టూ అయిదుగురు ఆడపిల్లలు తలలు ఆనించి చూశారు. ఎనిమిదో గోలు పడ్డాక ఒక పిల్ల "వాళ్లకు మన వయసులో అమ్మాయిల జట్లు ఉంటాయా మాస్టారూ?" అంది. ఉంటాయమ్మా అన్నాను, వీధికొకటి. మా దగ్గర పదమూడేళ్ల లోపు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడతారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన బేబీ లీగుల్లోనూ, అంటే చిన్నపిల్లల పోటీల్లోనూ, కలిసి ఆడవచ్చు. పదమూడు దాటగానే కలిసి ఆడకూడదంటారు. సరే, అమ్మాయిల జట్టు ఎక్కడ? ఊళ్లో లేదు. నియమం తలుపు వేసింది, ఇంకో తలుపు తెరవలేదు. కొండ మీది సవర ఊళ్లలో ఆడపిల్లలు బంతి ఆడటం చూస్తే మా తెలుగు వీధుల పిరికితనానికి సిగ్గేస్తుంది. అక్కడ తల్లులే గట్టు మీదనుంచి ఈలలు వేస్తారు. మా వీధుల్లో తల్లులు నిక్కర్ల గురించి గొడవ చేస్తారని అందరూ నన్ను భయపెట్టారు. తీరా అడిగితే నలుగురూ అడిగింది ఒకటే: "అక్కడ బాత్రూము ఉందా మాస్టారూ?" లేదు. అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు పక్కనే ఉన్న ఒక ఇంటివాళ్లు ఆదివారం వెనక తలుపు తీసి ఉంచుతారు. చీకటి పడక ముందే ఆట ముగుస్తుంది. బయటి ఊరికి వెళితే ఒక తల్లి బస్సు ఛార్జీ జట్టు ఖాతాలో. ఈ మూడు వాక్యాలు రాసుకున్నాక ఆడపిల్లలు ఇద్దరినుంచి పదకొండు మంది అయ్యారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

బూట్ల గొడవ కూడా ఉంది. పాదరక్షలు తప్పనిసరి అని ఆట చట్టమే చెబుతుంది, కాలి వేళ్లు మిగలాలంటే అదీ న్యాయమే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడారని మా డ్రిల్లు మాస్టారు గర్వంగా చెబుతారు, ఓడినదానికి అంత గర్వం ఎందుకో నాకు అర్థం కాదు. కానీ 'స్టడ్లు (అడుగున బొడిపెలు) ఉన్న బూట్లే' అని ప్రత్యేకంగా రాసే టోర్నమెంట్లు ఏ చట్టంలోనూ లేని మాట రాస్తున్నాయి. మా దగ్గర బూట్లు జట్టువి, పిల్లలవి కావు. సైజుల వారీగా ఒక చెక్క పెట్టెలో ఉంటాయి.

ఆటో విషయం చెప్పాలి. నియమం రాసుకున్న తరువాత నేను ఆ ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుని వెళ్లాను గానీ వాళ్ల ఆవిడ టీ ఇచ్చి, వానల గురించి, తిత్లీ తుపానుకు పోయిన కొబ్బరి చెట్ల గురించి మాట్లాడుతూ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. లేచి వచ్చేటప్పుడు, "వచ్చే ఆదివారం వాడు మొదటి సగం ఆడతాడు, రెండో సగం బయట కూర్చుంటాడు, అందరి మాదిరే" అన్నాను. ఆయన బండి వైపు చూసి, "రిపేరు అయిపోయిందనుకుంటాను" అన్నాడు. అమ్మమ్మ మాత్రం మళ్లీ రాలేదు. అది నా ఖాతాలో ఉండిపోయింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ వారం మళ్లీ ఒక టోర్నమెంటు కాగితం వచ్చింది. మంచి గ్రౌండు, మంచి రెఫరీలు, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారట. పదమూడేళ్ల లోపు విభాగం. ఏడో నియమం దగ్గర ఆగిపోయాను: జట్టుకు పదహారు పేర్లే రాయాలి. నా దగ్గర సాధనకు వచ్చేవాళ్లు పంతొమ్మిది మంది. ముగ్గురిని ఇంట్లో ఉండమని చెప్పాలి. ఆ ముగ్గురి తల్లులలో ఒకావిడది ఈ నెల జెర్సీలు ఉతికే వంతు.

నిర్వాహకులకు ఫోను చేశాను. ఇరవై పేర్లు రానివ్వండి, ఒకసారికి మైదానంలో ఉండేది మీరు చెప్పినంతమందే కదా, బెంచీ కాస్త పొడుగవుతుంది అన్నాను. అవతలాయన మంచివాడే, కష్టం చెప్పుకున్నాడు. భోజనాలు సర్దుకోవచ్చట. బెంచీ కూడా సర్దుకోవచ్చట. పాల్గొన్నవాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్లు మాత్రం జట్టుకు పదహారు చొప్పున అచ్చు వేయించేశారట.

మిగిలిన నాలుగూ నేను రంగు జిరాక్స్ తీసి తెస్తానని చెప్పాను. కమిటీలో అడిగి చెబుతానన్నాడు. యంత్రంలో కొత్త టోనర్ వేసి ఉంచాను.